రెండు జడల స్వెటర్

శంషాబాద్ ఎండల్లో స్వెటర్ విప్పకుండా బస్సెక్కే మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. "ఏమక్కా, జొరమా?" అని అడగనివాళ్లు లేరు. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత, "అవును, అంటుకుంటది, జర దూరం జరుగు" అనేసి కిటికీ సీటు సంపాదించుకోవడం నేర్చుకున్నాను.

నా ఉద్యోగం అలాంటిది. ఎయిర్‌పోర్టు కార్గోలో మందుల పెట్టెల కోసం ఒక చల్లగది ఉంటుంది. విమానం ఎక్కేదాకా వాటికి వేడి తగలకూడదు. పెట్టెల మీద చీటీలు సరిచూడడం, తలుపు గట్టిగా పడిందో లేదో చూడడం నా పని. బయట రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ ఉన్నా లోపల వేళ్లు కొంకర్లు పోతాయి. వాళ్లిచ్చిన కోటు ఒకటి ఉంది కానీ, అది ఒక్కటే సరిపోదు. లోపల అమ్మ అల్లిన స్వెటర్ ఉండాల్సిందే.

అమ్మ చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడి వార్డెనమ్మ అందరు ఆడపిల్లలకూ ఊలు అల్లిక నేర్పిందట. మిగతావాళ్లు హాస్టల్ గేటు దాటగానే మరిచిపోయారు, అమ్మ మరిచిపోలేదు. మా చర్చిలో ఏ పసిబిడ్డ తల మీద చూసినా అమ్మ టోపీయే. ఆ పిల్లలు ఉక్కపోసి ఏడుస్తారు, తల్లులు మొహమాటానికి తియ్యరు. ఆ సంగతి అమ్మకు చెప్పే ధైర్యం మా ఊరు సాతంరాయిలో ఎవరికీ లేదు.

నా పాత స్వెటర్ మోచేతుల దగ్గర పిగిలిపోతే అమ్మ కొత్తది మొదలుపెట్టింది. తంగేడు పువ్వు రంగు ఊలు. వీపు అయింది, ముందు భాగం అయింది, కుడి చెయ్యి అయింది. చెయ్యి నడిమధ్యన పై నుంచి కింది దాకా మెలి తిరిగిన జడ. అది అమ్మ చేతి గుర్తు. ఆమె అల్లిన ఏ స్వెటర్ చేతికైనా ఆ జడ ఉంటుంది.

ఎడమ చెయ్యి మొదలుపెట్టాల్సిన వారం, ఒక పొద్దున అమ్మ చేతిలోంచి చాయ్ గ్లాసు జారింది. "జారింది బిడ్డా" అని తనే నవ్వింది. ఇంకో గ్లాసు ఇచ్చాను. అదీ జారింది. ఈసారి నవ్వబోతే మూతి ఒక పక్కకు పోయింది.

దవాఖానలో పది రోజులున్నాం. మాట దాదాపు తిరిగొచ్చింది, కాలు కూడా నేల మీద నిలిచింది. కుడి చెయ్యే మొండికేసింది. చేతిని ఖాళీగా ఉంచొద్దని, మెల్లగా వస్తుందని డాక్టర్ చెప్పాడు. అమ్మ తలూపింది. ఇంటికొచ్చిన మొదటి రోజే ఊలు సంచీ చూపించి, "గది తీసి బీరువ మీద పెట్టు. నా కండ్ల ముంగట ఉండొద్దు" అంది. స్వెటర్‌కు ఎడమ చెయ్యి లేదు, అమ్మకు కుడి చెయ్యి లేదు. నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఆ రోజు ఇంట్లో ప్రతి గిన్నె చప్పుడు చేసింది.

ఊరికే కూర్చునే అమ్మను నేనెప్పుడూ చూడలేదు. కూర వండితే ఉప్పు తక్కువనదు, నేను ఆలస్యంగా వస్తే ఎందుకనదు. వంకలు పెట్టని అమ్మతో ఎలా బతకాలో నాకు తెలియదు. పోయిన నెల దాకా ఆ వంకలకే విసుక్కున్నదాన్ని, ఇప్పుడు వాటి కోసం మొహం వాచిపోయాను.

చివరికి ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే బీరువా మీది సంచీ దించాను. స్వెటర్‌కు మిగిలిన ఎడమ చెయ్యి నేనే అల్లుతానన్నాను. జీవితంలో సూది పట్టినదాన్ని కాదు, పట్టే ఓపికా లేదు. ఇంటర్ చదివే నా బిడ్డ ఫోన్లో వీడియో చూసి సూది మీదికి కుట్లు ఎక్కించి ఇచ్చింది. అమ్మ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. మళ్లీ మళ్లీ అడిగితే ఇష్టం లేకుండానే చెప్పింది.

"రెండు సీదా, రెండు ఉల్టా. వరుస మొత్తం గట్లనే."

ఇంత సులువా అనుకున్నాను. రెండు కుట్లు సీదాగా అల్లాను. ఉల్టా అంది కదా, మొత్తం సూదిని తిప్పేశాను. మళ్లీ రెండు అల్లాను. మళ్లీ తిప్పాను. చొక్కా ఉల్టా వేసుకున్నావంటే తిప్పుకుంటాం, రొట్టె ఉల్టా వెయ్యమంటే తిప్పేస్తాం. మా దగ్గర ఉల్టా అంటే తిప్పడమే. అరగంట చెమటోడ్చాక చూస్తే, సూది మీది మిగతా కుట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, చివర మాత్రం రెండు కుట్ల వెడల్పున సన్నటి నాలుక ఒకటి జానెడు వేలాడుతోంది.

అమ్మ కళ్లు తెరిచింది. "ఏందే గది? బూట్లకు లేసా?"

అంతే, నవ్వింది. దవాఖాన తర్వాత మొదటిసారి, వంకర మూతితోనే, భుజాలు ఊగేలా నవ్వింది. "ఉల్టా అంటే తిప్పుడు కాదే పిచ్చిదాన. దారం ముంగటికి తెచ్చుకొని, సూదిని అవతలికెంచి ఇవతలికి తియ్యాలె. గిట్ల..." అంటూ చూపించడానికి కుడి చెయ్యి చాపబోయింది. ఆ చెయ్యి సగం లేచి ఒళ్లో పడిపోయింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. సంచీ మళ్లీ బీరువా మీదికి పోయింది.

నా బిడ్డకు కంప్యూటర్‌లో ఒక ఆట పిచ్చి ఉంది. మనుషుల్ని తయారు చేయాలి, వాళ్లకు ఇల్లు కట్టాలి, పొద్దున్నే లేపి స్నానానికి, పనికి పంపాలి. "నిజం మనుషులు ఇంట్ల ఉండంగ ఆ బొమ్మలకు అన్నం పెడ్తున్నవా?" అని ఎన్నిసార్లు తిట్టానో. ఒకరోజు అలాగే తిట్టబోయి తెర చూసి ఆగాను. అందులో ఉన్నది మా ఇల్లే. రేకుల షెడ్డు, నీలం తలుపు, వాకిట్లో దండెం. నీలం తలుపు పక్కన కుర్చీలో తెల్లజుట్టు ముడి వేసుకున్న ఒక ముసలామె ఊలు అల్లుతోంది.

మంచం మీంచి అమ్మ కూడా చూసింది. "ఎవలే ఆమె?"

"నువ్వే అమ్మమ్మా" అంది నా బిడ్డ.

అమ్మ మెడ సాచింది. సరిగ్గా అప్పుడే తెర మీది ముసలామె చేతుల్లో ఊలు చిక్కుపడింది, సూదులు విసిరికొట్టి తల పట్టుకుంది.

"దానికి అల్లనే వస్తలేదు గదనే!"

"ఇప్పుడే మొదలుపెట్టింది అమ్మమ్మా. మొదటి లెవెల్. అల్లంగ అల్లంగ పెరుగుతది."

"నలభై ఏండ్లు అల్లిన దాన్ని తీస్కపోయి ఒకటో క్లాసుల కూసోబెట్టినవా?" అమ్మకు నిజంగానే కోపం వచ్చింది. ఆ రోజు మనవరాలితో మాట్లాడలేదు. మర్నాడు మాత్రం, చాయ్ తాగుతూ ఎటో చూస్తూ అడిగింది. "ఆమె రెండో క్లాసుకు ఒచ్చిందా?"

ఆ తర్వాత రోజూ సాయంత్రం బిడ్డ కాలేజీ నుంచి రాగానే మంచం ముందు స్టూలు, స్టూలు మీద కంప్యూటర్. అమ్మ వంకలు తిరిగొచ్చాయి, కాకపోతే అన్నీ ఆ బొమ్మకే. నాకు ఈర్ష్యగా కూడా ఉండేది. ఇక బిడ్డను తిట్టడం మానేశాను, మానేసినట్టు ఒప్పుకోలేదు.

ఆ ఆటలో మనుషులకు వయసు మీద పడుతుంది. ముసలివాళ్లయి ఒకరోజు పోతారు కూడా. ఈ సంగతి తెలిసి, మీ అమ్మమ్మ బొమ్మకు ఏం వయసు వచ్చిందే అని బిడ్డను అడిగాను. అది తల వంచుకుంది. "రాదు మమ్మీ. వయసు ఆపేసే బటన్ ఉంటది. దవాఖానకు పోయిన రోజే ఆపేసిన."

అమ్మ పోతుందేమోనని నేను ఒక్కదాన్నే భయపడుతున్నాననుకున్నాను. ఇంట్లో ఇంకో మనిషి అదే భయాన్ని ఒక బటన్ కింద నొక్కిపెట్టి రోజూ కాలేజీకి పోయి వస్తోంది. వెనక్కి పోయి కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతూ ఏడ్చాను.

ఒకరోజు డ్యూటీ దిగి నాలుగింటికి ఇల్లు చేరేసరికి గుమ్మంలోనే ఆగిపోయాను. స్టూలు మీద ఆట నడుస్తోంది. అమ్మ ఒళ్లో ఊలు సంచీ ఉంది. నేను అల్లిన ఆ నాలుకను విప్పేసినట్టున్నారు, జాడ లేదు. ఒక సూదిని కుడి చంక కింద ఇరికించుకుంది. ఇంకో సూది ఎడమ చేతిలో ఉంది. బొమ్మ అమ్మకు ఎదురుగా కూర్చుంది కదా, దాని కుడి చెయ్యి అమ్మ ఎడమ చేతికి సరిగ్గా ఎదురుగా ఉంది. అది ఎటు కదిలితే ఇది అటు కదులుతోంది, అద్దంలో చూసుకున్నట్టు. ఇన్ని రోజులూ తిడుతూ తిడుతూనే అమ్మ దాన్ని చూసి నేర్చుకుంటోందని నాకు అప్పుడు తెలిసింది.

నన్ను చూసి సూది దాచబోయింది. దాచడానికి చెయ్యి చాలలేదు. "ఏం జూస్తున్నవ్? పో, మొకం కడుక్కో" అని కసిరింది. ఎంత హాయిగా ఉందో ఆ కసురు.

మొదట్లో రోజుకు ఒక వరుస కూడా సాగేది కాదు. కుట్లు జారేవి, బిడ్డ ఎక్కించేది. పైన విమానం పోయినప్పుడల్లా లెక్క తప్పేది, అమ్మ విమానాన్ని తిట్టేది. మా ఇంటి మీదుగా పోయే విమానాలు తక్కువేం కాదు. వరుసకొకసారి నా బిడ్డ "అమ్మమ్మా, రెండో లెవెల్", "అమ్మమ్మా, మూడో లెవెల్" అని అరిచేది. బొమ్మ అప్పటికే ఎనిమిదిలో ఉంది. "దాని చేతులు మంచిగున్నయి, నాతోని పోటీ ఏంది" అనేది అమ్మ. ఎండలు పోయి వానలు పడి, వానలు వెనకపట్టేసరికి స్వెటర్ ఎడమ చెయ్యి పూర్తయింది.

ఆ రోజు చూపించినప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. చెయ్యి చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ఆలోచించకుండా అనేశాను. "జడ ఉల్టా తిరిగిందేందమ్మా?"

నిజమే. కుడి చేతి మీద జడ కుడికి మెలి తిరిగితే, ఇది ఎడమకు తిరిగింది. అద్దంలో చూసి అల్లిన అల్లిక, అద్దంలోలాగే వచ్చింది. అమ్మ ముఖం పాలిపోయింది. చెయ్యి నా దగ్గరి నుంచి లాక్కుని, దారం కొస వెతకడం మొదలుపెట్టింది.

"ఇప్పేస్త. నాకెందుకు ఇగ ఇవన్ని. మల్ల పట్టను."

పట్టదని నాకు తెలుసు. అన్నంత పనీ చేసే మనిషి. ఆ కొస దొరికితే నాలుగు నెలలు పోతాయి, అమ్మ మళ్లీ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంటుంది. గబగబా స్వెటర్ మంచం మీద పరిచాను. కుడి చెయ్యి కుడి పక్కన పెట్టాను. అమ్మ గుప్పిట్లోంచి రెండో చెయ్యి బతిమాలి తీసుకుని ఎడమ పక్కన పెట్టాను. ఏదో ఒకటి చెప్పి ఆపుదామనే పెట్టాను, నిజానికి నాకు చెప్పడానికి ఏమీ లేదు.

పెట్టాక చూస్తే, రెండు జడలూ ఒకదాని వైపు ఒకటి తిరిగి ఉన్నాయి.

"అమ్మా, బడికి పోయేటప్పుడు నాకు రెండు జడలు ఏస్తుంటివి కదా. ఒకటి ఇటు, ఒకటి అటు. గట్లనే లేదా?"

అమ్మ వంగి చూసింది. బీరువా తీయించి, పిగిలిపోయిన నా పాత స్వెటర్ తెప్పించి పక్కన పరిపించింది. దాని రెండు చేతుల మీదా జడలు ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయి.

"అవునే," అంది మెల్లగా. "ఇన్నేండ్లు అందరికి రెండు కుడి చేతులే అల్లిన. ఇదొక్కటే ఎడమ చెయ్యి."

తర్వాత, తప్పు దొరికితే వదిలే మనిషి కాదు కాబట్టి, ఇన్నేళ్లూ ఆ వార్డెనమ్మ ఈ సంగతి తనకెందుకు చెప్పలేదని ఆమెను తిట్టుకుంది.

ఇప్పుడు చల్లగదిలో అదే వేసుకుంటున్నాను. కోటు గుండీలు పెట్టుకునే ముందు ఒకసారి రెండు చేతులూ చాపి చూసుకుంటాను. తోటివాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

మొన్న ఇంటికొచ్చేసరికి తెర మీద కేకు కోస్తున్నారు. తెల్లజుట్టు ముసలామె కొవ్వొత్తులు ఊదుతోంది. నేను బిడ్డ వైపు చూశాను. "అమ్మమ్మే వయసు బటన్ ఆన్ చెయ్యమంది మమ్మీ" అంది.

"మరి? ఎన్ని రోజులు దాన్ని ఒక్క తీర్గనే కూసోబెడ్తరు? ముంగటికి పోనియ్యి" అంది అమ్మ. "పైగ నాకు పనుంది. ఇటు రావే, చెయ్యి సాపు, నీకు నీలం స్వెటర్ అల్లుత."

బిడ్డ చెయ్యి చాపింది. అమ్మ ఎడమ చేత్తో కొలత టేపును దాని మణికట్టు దాకా లాగింది. భుజం దగ్గర టేపు చివరను పట్టుకున్నవి అమ్మ కుడి చేతి రెండు వేళ్లు. అమ్మ అంకె చదివి, రాసుకొమ్మని నాకు చెప్పి, మళ్లీ ఒకసారి కొలిచింది. అంతసేపూ టేపు జారలేదు.