నూట పదమూడో స్లగ్

మా పెద్దమ్మ డైవింగ్ షాపులో గాలి సిలిండర్లు నింపుతుంది. వెనక గదిలో కంప్రెసర్ మోత ముప్పై ఏళ్లుగా విన్న చెవులు కాబట్టి ఆమెకు ఏదైనా రెండుసార్లు చెప్పాలి. కళ్ల విషయం వేరు. పగడపు దిబ్బ మీద బియ్యపు గింజంత సీ స్లగ్ ఉన్నా ఆమె కంట పడాల్సిందే. సీ స్లగ్ అంటే గుల్ల లేని సముద్రపు నత్త. తల మీద రెండు చిన్న కొమ్ములు, చాలావాటికి వీపు మీద మొప్పల కుచ్చు, ఒళ్లంతా కళ్లు చెదిరే రంగులు.

కనిపెట్టడం ఆమె పని, పేరు తేల్చడం పెదనాన్న పని. ఆయన బళ్లో డ్రాయింగు మాస్టారు. నీళ్లలోనే పలక మీద బొమ్మ గీసుకుని, ఇంటికొచ్చి వంటింటి బల్ల నిండా పుస్తకాలు పరిచి, పేరు తేలాక నోటుబుక్కులో నంబరు వేసేవాడు. పిల్లల్లేని ఆ ఇంట్లో ఇద్దరూ స్లగ్గుల మీదే పోట్లాడుకునేవారు. నూట పన్నెండు దాకా ఎలాగో రాజీ కుదిరింది. నూట పదమూడు దగ్గర ఎంతకీ తెగలేదు.

అది నారింజ అంచున్న నల్లటి జీవి, అంగుళం పొడవు. ఒక్కసారి కనబడి రాతి సందులో దూరింది. ఆయన స్లగ్ అన్నాడు, ఈమె పురుగంది. స్లగ్గులు చేదు, చేపలు ముట్టవు. అందుకని చదునుగా ఉండే పురుగులు కొన్ని అచ్చం వాటి వేషం కట్టి బతికేస్తాయి. ముందు అంచు మడత పడితే కొమ్ముల్లాగే ఉంటుంది.

"కొమ్ములు నా కళ్లారా చూశానే!"

"అద్దాలు లేకపోతే గోడ మీద గడియారమే కనపడదు మీకు. కొమ్ములు కనపడ్డాయట!"

ఈ వాదన తొమ్మిదేళ్లు నడిచింది. కిందటేడు ఆయన పోయాడు.

ఆ తర్వాత ఆమెకు నీళ్లలో జంట కరువైంది. ఒంటరిగా దిగకూడదని షాపు నియమం. ఒకే రాయి ముందు గంటసేపు వేలాడే మనిషితో ఎవరు దిగుతారు? తాబేళ్లు చూడ్డానికొచ్చిన మహానుభావులు పది నిమిషాలకే పోదాం పదమని చెయ్యూపుతారు. మెల్లగా ఆమె దిగడం మానేసింది. ఇంట్లో మాట్లాడటం కూడా మానేసింది, ఎవరితోనని మాట్లాడుతుంది?

అప్పుడు మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చింది. పెదనాన్న బతికుండగా పంపిన జాబితా ఆధారంగా ఆ తీరపు స్లగ్గుల మీద పుస్తకం వేస్తున్నారు. నూట పదమూడో రకాన్ని ఈ దిబ్బ మీద మొదట చూసిన మనిషిగా పెదనాన్న పేరు అచ్చవుతుంది. కాకపోతే మిగతా అన్నిటికీ ఫొటోలున్నాయి, దానికి లేదు. నెలలోగా పంపకపోతే దాన్ని జాబితాలోంచి కొట్టేస్తారు.

తొమ్మిదేళ్లు పురుగు, పురుగు అని సాధించిన మనిషి నాతో ఏమందో తెలుసా?

"ఈ ఒక్కసారికీ ఆయనే గెలవాలే."

పడవ నడిపే అతన్ని బతిమాలి జంటగా తెచ్చుకుంది. పదకొండుసార్లు దిగి ఉత్తచేతులతో వచ్చింది. పన్నెండోసారి అదే రాతి దగ్గర అలాంటిదే కనబడింది, పెదనాన్న బొమ్మలో గీసిన తెల్ల మచ్చతో సహా. పైనుంచి ఫొటో తీసింది. అచ్చం స్లగ్గే. అక్కడితో ఊరుకుంటే పోయేది. ఊరుకోలేక వేలితో నీళ్లు కదిపింది. అది అంచులు ఆడించుకుంటూ తడి కాగితంలా లేచింది. కొమ్ముల మడత విడిపోయింది. వీపు మీద కుచ్చు లేనే లేదు. ఆమె దాన్ని కూడా ఫొటో తీసింది.

ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర రెండు ఫొటోలూ చూశాం.

"పైనుంచి తీసింది ఒక్కటే పంపు పెద్దమ్మా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. సిగ్గేమీ పడలేదు. పోయిన మనిషికి పుస్తకంలో ఒక్క లైను దక్కితే ఎవరి సొమ్ము పోయింది?

"రేపు తెలిసినవాడెవడో చూసి నవ్వుతాడు. ఆయన్ని చూసి నవ్వితే నేనే నవ్వాలి. ఇంకెవడూ నవ్వడానికి వీల్లేదు."

నాకు ఒళ్లు మండింది. ఆమె రెండూ పంపి, కింద "నూట పదమూడు కొట్టేయండి, అది పురుగు" అని రాసింది.

తర్వాత ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు తిరిగి, "నేను చెప్పలేదూ?" అంది. ఆయన ఎదురు చెప్పడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపూ ఆగింది. ఆ పైన బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.