బూజు వాసన

మూత తీసి వాసన చూడడం ఆమె ఉద్యోగం. ఆమె ముక్కుకు మాత్రం ఏ వాసనా తెలియదు.

లోహపు పూతలు వేసే ఆ కార్ఖానాలో సగం వయసు క్రోమియం తొట్ల దగ్గర కుళాయిలు ముంచి తీస్తూ గడిపింది. ఆ ఆవిరి ముక్కును లోలోపల తినేసింది. తర్వాత వెనక షెడ్డుకు మార్చారు. అక్కడ డ్రమ్ముల్లో, బెల్లపు మడ్డి కలిపిన నీళ్ళలో బూజు పెంచుతారు. సగ్గుబియ్యంలా గుండ్లు కట్టిన ఆ బూజును వాడిన నీళ్ళ తొట్లో పోస్తే, నీళ్ళలోని లోహాన్ని పట్టుకుంటుంది. పసుపుపచ్చగా వచ్చిన నీళ్ళు తేటపడి కాలవకు పోతాయి.

పొద్దున్నే మూత తీయగానే తడిమన్ను వాసన వస్తే ఆ డ్రమ్ము మంచిది. పులిసిన వాసన వస్తే పారబోయాలి. వాసన తెలియదంటే ఇంటికి పొమ్మంటారేమోనని ఆమె నోరు మెదపలేదు. షెడ్డులో పంపు నడిపే మనిషి చేత మూత తీయించి, అతని మొహం చూసేది. అతను మొహం చిట్లిస్తే డ్రమ్ము పక్కకు.

"అక్కకు నా అందం మీద కన్ను" అని అతను అందరితో చెప్పుకునేవాడు. ఆమె కాదనలేదు.

ఇంట్లోనూ అంతే. కూతురు, నీళ్ళు పోసిన బిడ్డను ఒళ్ళో పెట్టి, "మాడు దగ్గర వాసన చూడమ్మా, ఎంత బావుంటుందో" అంది. ఆమె ముక్కు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. వెచ్చదనం తెలిసింది. మెత్తదనం తెలిసింది.

"అవునే" అంది.

ఆ చలికాలం పంపు మనిషికి పడిశం పట్టింది. ఆమె అది పట్టించుకోలేదు. అతను మూత తీశాడు. మొహంలో మార్పు లేదు. ఆమె ఆ డ్రమ్ము తొట్లో పోసేసింది. మధ్యాహ్నానికి గుండ్లు విడిపోయి, నీళ్ళు పసుపుపచ్చగానే దిగాయి. ఇంజనీరు, కూతురి ఈడు పిల్ల, పరుగెత్తుకొచ్చి కాలవ తూము మూయించింది. మూత తీసింది నువ్వే కదా, ఆ మొహానికి ముక్కెందుకని పంపు మనిషిని నిలదీసింది. తనది మూత తీసే పనేనని అతను గొణిగాడు. ఆమె వైపు మాత్రం చూడలేదు.

"వాణ్ణేం అనకమ్మా. నాకే వాసన తెలీదు. ఎప్పట్నుంచో."

 ఇంజనీరు పులుపు తగిలితే రంగు మారే కాగితం ముక్కలు తెచ్చి, ఏ రంగు మంచిదో, ఏది కాదో చూపించింది. ఇక ముక్కుతో పనిలేదంది. ఉద్యోగం నిలిచింది.

మర్నాడు కాగితం మంచి రంగే చూపింది. అయినా ఆమె మూత మూయక, ఇంజనీరును పిలిచింది.

"ఒకసారి వాసన చూసి చెప్పమ్మా. ఎలా ఉంది?"

"తడిమన్నులా ఉంది పెద్దమ్మా."

"అది అందరూ చెప్తారు. ఇంకా?"

ఇంజనీరు జుట్టు వెనక్కి పట్టుకుని మళ్ళీ డ్రమ్ము మీదికి వంగింది.