తెర మూలన పచ్చచుక్క

పెసరగింజంత చుక్క ఒకదాన్ని చంపబోయి, మా మేనమామ మగ్గాలన్నిటికీ తాళం వేయించబోయిన మహానుభావుణ్ణి నేను. చెబితే నవ్వుతారు. నవ్వండి, నాకేమీ అభ్యంతరం లేదు. కాని ఎందుకు నవ్వుతున్నారో చెప్పి నవ్వండి. కారణం చెప్పకుండా ఎవరు నవ్వినా నాకు అనుమానం.

ఈ అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. ఆదోని బస్సులో ఎవరైనా జరిగి చోటిస్తే, ముందు వంగి సీటు కింద చూసేవాణ్ణి. హోటల్లో టీ నిండుగా పోస్తే నీళ్ళు కలిపాడనుకునేవాణ్ణి, తక్కువగా పోస్తే సరేసరి. "వీనికి పిల్లనిచ్చేటోన్ని కూడా దొంగే అంటాడు, సూడండి" అని మా అమ్మ అందరికీ చెప్పేది. పిల్లనిచ్చిన మా మామగారిని నేను ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదు. అది వేరే సంగతి.

ఎనభైల చివరి మాట. ఆదోనిలో కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటర్లో నేను నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. నాలుగంటే నాలుగే. కాని ఎమ్మిగనూరులో మగ్గాలు నడిపే మా మేనమామ రంగయ్య దృష్టిలో నేను కంప్యూటర్ కనిపెట్టినవాడితో సమానం. "మా అల్లుడు మిషను సదువు సదివినాడు" అని బజారంతా చాటేవాడు. నేను కాదనలేదు. అక్కడ మాత్రం నాకు అనుమానం రాలేదు చూడండి!

ఆ ఏడు మామకు గడ్డురోజులు. దుప్పట్లు నేసి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, కొనేవాడు లేడు. బెంగళూరు నుంచి ఒక సేటు వచ్చి కొత్త డిజైన్లు చూస్తానన్నాడు. నచ్చితే ఏడాది పొడుగునా పని. నచ్చకపోతే మగ్గాలు ఆగిపోతాయి, నేసేవాళ్ళు పెళ్ళాంబిడ్డల్ని వెంటబెట్టుకుని కూలికి వలస పోతారు.

ఒక్కొక్క డిజైనునూ నేసి చూపించాలంటే నూలు దండగ, రోజులు దండగ. అందుకని మామ ఒక ఉపాయం చేశాడు. బెంగళూరులో ఎవరో వాడి పారేసిన పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చాడు. చూడ్డానికి పెద్ద సూట్‌కేసు. మూత ఊడదీస్తే అదే కీబోర్డు, లోపల అరచేయంత తెర. "చేత్తో పట్టుకుపోవచ్చు" అని చెప్పి అమ్మారట. పట్టుకుపోవచ్చు, నిజమే. తర్వాత ఆ చేయి మాత్రం పనికిరాదు.

దాంట్లో అక్షరాలు శుభ్రంగా వచ్చేవి, బొమ్మ రమ్మంటే మాత్రం వచ్చేది కాదు. సంగతేమిటంటే, బొమ్మలు గీయడానికి లోపల ఒక చిప్పు ఉంటుంది. "ఇక్కడ చుక్క పెట్టు, అక్కడ గీత గీయి" అని దానికి అర్థమయ్యేట్టు చెప్పే చిన్న ప్రోగ్రాం ఒకటి కావాలి. అది లేకపోతే చిప్పు ఉన్నా లేనట్టే. అమ్మినవాణ్ణి అడిగితే, "ఆ చిప్పు పాతబడింది, తయారుచేసినవాళ్ళే దాన్ని వదిలేశారు, కొత్త మిషను కొనుక్కోండి" అన్నాడు. మామ మొహం చూడలేకపోయాను.

అప్పుడు ఎవరో బసప్ప పేరు చెప్పారు. హాలహర్వి మనిషి, ఆదోనిలో రేడియోలు, టీవీలు బాగుచేసే అంగడి. గట్టిగా మాట్లాడడం, గట్టిగా నవ్వడం, తన గొప్ప తాను చెప్పుకోవడం, ఈ మూడింటి మధ్య తీరిక దొరికితే రిపేర్లు చేసేవాడు. చిప్పు సంగతి చెప్పేసరికి తొడ చరిచాడు.

"ఆ చిప్పా? దాని వంశమంతా నాకు తెలుసప్పా! అట్లాంటి మిషను నా దగ్గరా ఒకటుండె. కంపెనీవోళ్ళు ప్రోగ్రాం ఇచ్చేది లేదంటే, పొమ్మని నేనే రాసుకున్నా. ఇంద, తీసుకపో." ఒక ఫ్లాపీ నా చేతిలో పెట్టాడు.

"ఎంతియ్యాల అన్నా?"

"ఏమియ్యొద్దు."

"ఊరికేనా?"

"ఊరికే. రాసిందంతా తెరిచే పెట్టినా, లోపల ఏముందో చదువుకో. నచ్చకుంటే మార్చుకో. ఎవురన్నా అడిగితే నువ్వూ ఇయ్యి. హాలహర్వి బసప్ప రాసినాడని మాత్రం నలుగురికి చెప్పు, అంతే."

ఇంటికి తాళం వేసుకునేవాణ్ణి నమ్మొచ్చు. తలుపులు బార్లా తెరిచి, "రాండి, పెట్టెలో కూడా చూసుకోండి" అనేవాణ్ణి ఎట్లా నమ్మేది? ఈ కాలంలో దారి అడిగితేనే సరిగ్గా చెప్పరు. ఇంత కష్టపడి రాసింది ఊరికే ఇస్తాడా? ఇచ్చి, మార్చుకోమంటాడా? బస్సెక్కి ఎమ్మిగనూరు చేరేదాకా ఆ ఫ్లాపీని పట్టుకున్న చేతిని కూడా అనుమానంగా చూసుకుంటూ కూర్చున్నాను.

మామ ఇంట్లో ప్రోగ్రాం ఎక్కించగానే, గళ్ళ లెక్కన నేను ముందే అంకెల్లో రాసిపెట్టిన డిజైను తెరమీద పచ్చగా వెలిగింది. గళ్ళు, అంచు, అంచులో నెమళ్ళు. అత్త చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేసేవాళ్ళు కిటికీలో తలకాయలు పెట్టి చూశారు. ఇంతమంది కళ్ళు పడ్డాయి కదా అని, నేనే స్వయంగా నిమ్మకాయ, మిరపకాయలు దారానికి గుచ్చి మిషను పిడికి కట్టాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నన్ను తిట్టడానికి మీకు తర్వాత పనికొస్తుంది.

కట్టి తలెత్తితే, తెర మూలన ఒక చుక్క.

ఏ డిజైను పెట్టినా అదే చోట, అదే చుక్క. పోనీ డిజైనుతో పాటు వచ్చేదా అంటే, కాదు. ముందు చుక్క, తర్వాత డిజైను. ఇంటాయన గడప దాటకముందే లోపల కూర్చున్న మనిషిని ఏమంటారు?

"మామా, ఆ చుక్క సూసినావా?"

"ఏ చుక్క?"

"ఆ మూలన. మనం పెట్టింది కాదది."

"దుమ్మేమోరా. తుడువు."

"తుడిస్తే పోలేదు మామా. అది కాపలా కాస్తాంది. మన డిజైన్లు లెక్కపెడ్తాంది."

మామ మొహంలో రంగు మారింది. ఎమ్మిగనూరులో డిజైను దొంగతనమంటే మాటలు కాదు. పొద్దున మగ్గం మీదున్న అంచు, సాయంత్రానికి పక్క వీధి మగ్గం మీద ఉంటుంది. ఆ భయంతోనే కొత్త డిజైను వేసిన రోజు తలుపులు మూసుకుని నేసేవాళ్ళు.

"ఎవురికి సెప్తాదిరా అది?" అన్నాడు గొంతు తగ్గించి.

"బసప్పకు. మన ఫ్లాపీ ఎప్పుడన్నా వాని చేతికి పోతే చాలు, అన్నీ వాని మిషన్లో వచ్చి పడ్తాయి. లేకుంటే ఊరికే ఎందుకిస్తాడు?"

"అయితే ఒకతూరి ఆయప్పనే అడుగుదాం."

"అడిగితే జాగ్రత్త పడడా!"

చూశారా, ఎంత తెలివో! అడిగుంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది, ఈ కథ మీకు చెప్పే అవసరమే ఉండేది కాదు. నేను అడగలేదు సరికదా, ఇంకో ఘనకార్యం చేశాను. సేటు వచ్చే రోజున బసప్పను భోజనానికి పిలిపించమని మామతో చెప్పాను. పదిమందిలో దొంగను పట్టించాలని నా ఉబలాటం.

ఆ పొద్దున ప్రోగ్రాం తెరిచి చదివాను. సగం అర్థం కాలేదు. కాని చుక్క పెట్టే చోటు మాత్రం దొరికింది. ఎంత ధైర్యం, దాచుకోకుండా నట్టనడుమ రాసుకున్నాడు! పళ్ళు కొరుకుతూ ఆ ముక్క మొత్తం చెరిపేశాను. చెరిపి, పాతదాని మీదే భద్రం చేశాను. ఇంకో కాపీ ఉంచుకోలేదు. ఉంచుకుంటే చుక్క కూడా అందులో దాక్కుంటుందని భయం. ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించి చూస్తే చుక్క లేదు. తెర కడిగిన పలకలా ఉంది. డిజైన్లు తెరిచి చూడాలన్న ఆలోచనే రాలేదు నాకు, గెలిచిన సంబరంలో ఉన్నాను కదా.

సేటు వచ్చాడు. మజ్జిగ తాగాడు. గడియారం చూసుకున్నాడు. బసప్ప కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన పేరు ఎప్పుడు వినిపిస్తుందా అని ముందు వరసలో కూర్చున్నాడు.

"సూపించరా" అన్నాడు మామ.

డిజైను తెరిచాను. ఏమీ రాలేదు. రెండోది తెరిచాను. నల్లటి తెర. మూడోది. మా మొహాలే మాకు కనబడుతున్నాయి.

"ఏనప్పా ఇదు?" అన్నాడు సేటు కన్నడంలో, తర్వాత మాకోసం తెలుగులోకి దిగి, "ఏందప్పా ఇది, చీకటి డిజైనా?" అన్నాడు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మామ నుదుటి మీద చెమట. గుమ్మం దగ్గర నేసేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వులాట కాదది, వాళ్ళ పొయ్యి మీది అన్నం. నేనేమో తగ్గలేదు. లేచి నిలబడి బసప్ప మీదికి వేలు చూపించాను.

"ఈయప్పే! ఈయప్పే చేసినాడు! డిజైన్లు దొంగిలించేకి చుక్క పెట్టినాడు. నేను కనిపెట్టి తీసేసినానని ఇప్పుడు మిషనే పనిచేయకుండా చేసినాడు!"

బసప్ప నోరు తెరుచుకుని నన్ను చూశాడు.

"చుక్క తీసేసినావా?"

"తీసేసినా."

"యాడ తీసినావు? ఎట్ల తీసినావు?"

చూపించాను, ఛాతీ విరుచుకుని. బసప్ప చూశాడు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. మగ్గాలు అదిరేలా నవ్వాడు.

"ఓ పుణ్యాత్ముడా! బొమ్మంటే ఏమనుకున్నావు? చుక్కలే కదా! ఆ చుక్కను, నీ డిజైన్ల చుక్కలన్నిటినీ పెట్టేది ఆ ముక్కే. ముందు మూలన ఒకటి పెడ్తాది, మల్ల నీ నెమళ్ళు పెడ్తాది. నువ్వు దాన్నే పెరికేసినావు. ఇంకేం పెట్టాల అది, నీ తలకాయా?"

నన్ను పక్కకు నెట్టి, కీబోర్డు ముందు కూర్చుని, సేటుకు తన గొప్ప చెబుతూనే ఆ ముక్కంతా మళ్ళీ టైపు చేశాడు. తెర మూలన చుక్క వెలిగింది. వెనకే గళ్ళు, అంచు, నెమళ్ళు. గుమ్మం దగ్గర ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. నేను మాత్రం, సిగ్గులేనివాణ్ణి, ఇంకా వదల్లేదు.

"అది సరే. ఆ మూల చుక్క ఎందుకు? దాంతో ఏం పని?"

బసప్ప నా వైపు జాలిగా చూశాడు.

"దిష్టిచుక్కప్పా. ఎవురూ చేయలేని పని చేసినావు, నరదిష్టి తగుల్తాదని మాయమ్మ ఒకటే పోరు. పసిబిడ్డకు చెంపన పెడ్తాము కదా, అట్ల. నల్లతెర మీద నల్లది పెడితే ఎవురికి కానొస్తాది? అందుకని పచ్చది పెట్టినా."

అందరి చూపూ తెరమీద నుంచి మెల్లగా కిందికి దిగింది. మిషను పిడికి నేను కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు ఫ్యాను గాలికి ఊగుతున్నాయి. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది.

నేను భూమిలోకి దిగిపోదామనుకుంటున్న ఆ సమయంలో సేటు కళ్ళద్దాలు సవరించుకుని తెర దగ్గరకి వంగాడు. చాలాసేపు చూశాడు.

"బాగుంది. తీసుకుంటా" అన్నాడు సేటు. నేసేవాళ్ళు ఒక్కసారిగా కేకపెట్టారు. మామ దేవుడికి దండం పెట్టబోయి సేటుకే పెట్టాడు. "కాని ఒక మాట. ఇక్కడ ఎట్ల కనిపిస్తుందో అట్లనే నేయాల. ఆ మూలన చుక్కతోటి. చుక్కుంటే మీ సరుకని గుర్తు పట్టేది సులభం. ఒక్క దుప్పటికి చుక్క లేకున్నా వాపసు పంపిస్తా."

మగ్గం తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెబుతున్నాను. దుప్పటి మూలన ఒకే ఒక్క చుక్క నేయాలంటే, అక్కడికి రాగానే మగ్గం ఆపి, వేరే రంగు దారం చేత్తో ఎక్కించాలి. ప్రతి దుప్పటికీ. మామ అందరినీ ఒకసారి చూసి, చివరికి నా దగ్గర ఆగాడు.

"ఆ చుక్క నీకు బాగా తెలుసు కదరా. నువ్వే ఎక్కియ్యి."

ఒక్క చుక్కను చెరిపినందుకు, ఆ ఏడాదంతా మగ్గం మగ్గానికీ తిరిగి పచ్చచుక్కలు పెడుతూ కూర్చున్నాను. "అప్పా, చుక్క!" అని ఒక మగ్గం దగ్గర కేక, "చుక్కప్పా, ఈడికి రా!" అని ఇంకో మగ్గం దగ్గర కేక. బసప్ప ఎమ్మిగనూరు వచ్చినప్పుడల్లా పనిగట్టుకుని వచ్చి, నా పక్కన నిలబడి, "కొంచెం పైకి, కొంచెం పైకి" అని చెప్పి పోయేవాడు.

ఆ దుప్పట్లలో ఒకటి ఇప్పటికీ నా మంచం మీద ఉంది. దాని మూల పట్టుకుని, చుక్క మీద చేయి వేసి, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరేది ఊరికే ఇచ్చినా అనుమానించను. అనుమానం వచ్చినా చెరపను. చెరిపే ముందు అడుగుతాను. ఈ ప్రమాణం మీరు నమ్మలేదని మాత్రం నాకు గట్టి అనుమానంగా ఉంది.