సిస్టరమ్మ చూపించిన గుడ్లగూబలు

మా పక్క వాటా సిస్టరమ్మ పోయారని ఆవిడ కూతురు ఫోన్ చేసినప్పుడు నేను చైతన్యపురిలో పిల్లలకు ఫిజిక్స్ పాఠం చెబుతున్నాను. వరండాలోకి వచ్చి మాట్లాడాను.

"పొద్దుగాల నిద్రలనే పోయింది అన్నా," అంది. తర్వాత, "అమ్మ ఫోటో మంచిది నీ దగ్గర ఉంటది గదా. పెద్దగ చేపిచ్చి శవప్పెట్టెకాడ పెడ్త," అంది.

ఉంటుందనే అనుకున్నాను. నాలుగేళ్లపాటు ఆదివారం వచ్చిందంటే ఆవిడతో కలిసి పిట్టల కోసం తిరిగినవాణ్ణి. ఇంటికి వెళ్లి రెండు గంటలు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. లకుముకి పిట్ట ఒక చేపను మింగడం పదిహేడు ఫోటోల్లో ఉంది. సిస్టరమ్మ ఒక్కదాంట్లోనూ లేరు. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించారు. ఆ బొమ్మలో ఆవిడ ఎవరో భయపడిన ముసలమ్మలా ఉన్నారు.

ఆవిడది నల్లగొండ వైపు పల్లె. ప్రభుత్వ దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యారు. మాది భీమవరం వైపు. దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో ఇద్దరివీ పక్కపక్క కిరాయి వాటాలు. కరోనా రోజుల్లో మా ఇంట్లో అందరం మంచం పడితే పూటపూటకూ గంజి కాచి గుమ్మంలో పెట్టి, కిటికీలోంచి మా ఊపిరి ఎలా ఉందో చూసి వెళ్లింది ఆవిడే.

పిట్టల మీద ఇష్టం ఎలా కలిగిందని ఒకసారి అడిగాను. "నైట్ డ్యూటీ చేసినన్ని దినాలు రాత్రంత మూలుగులే ఇంటుంటి. పొద్దుగాల బయటికొస్తే ముందుగాల పిట్ట కూత ఇనబడేది. గట్ల అలవాటైంది," అన్నారు.

ఎల్‌బీనగర్ దాటి హయత్‌నగర్ వైపు వెళ్తుంటే, హైవే దిగి కొంత లోపల ఒక కుంట, దాని పక్కన రాళ్ల గుట్ట ఉండేవి. పొద్దున ఆరింటికల్లా నా స్కూటర్ మీద అక్కడికి చేరేవాళ్లం. తొమ్మిదిన్నరకు ఆవిడ చర్చిలో ఉండాలి. గట్టు మీద కొందరు పుస్తకం పట్టుకుని వచ్చి, పిట్ట పేరు రాసుకుని వెళ్లిపోయేవారు. మాలాంటివాళ్లం చేతిపొడుగు లెన్సులతో మంచి వెలుతురు కోసం కాచుకునేవాళ్లం. సిస్టరమ్మ రాయి మీద ఊరికే కూర్చునేవారు. బైనాక్యులర్ ఇస్తే ఒకసారి చూసి తిరిగి ఇచ్చేశారు. సగం పిట్టల పేర్లు ఆవిడకు తెలియవు. "చూసుడు కాదు బిడ్డా, దానికి మనం కనబడకుండ ఉండుడు నేర్చుకోవాలె," అనేవారు. నా ఫోటో అయ్యేదాకా కదలకుండా, దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేవారు.

నాలుగో ఏడు నన్ను గుట్ట వెనక్కి తీసుకెళ్లారు. రాతి అరుగు మీద, తల మీద కొమ్ముల్లాంటి ఈకలున్న పెద్ద గుడ్లగూబ. పక్కన బూడిదరంగు నూగుతో రెండు పిల్లలు. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా. పిల్లలున్నయి," అన్నారు.

దూరం నుంచే ఫోటో తీశాను. నా జీవితంలో అంత మంచి ఫోటో ఇంకోటి రాలేదు. ఆ సాయంత్రమే మా ఫోటోగ్రాఫర్ల గ్రూపులో పెట్టాను. చోటు రాయలేదు. ఒక మిత్రుడు విడిగా అడిగాడు. జాగ్రత్తపరుడే కదా అని చెప్పాను.

తర్వాతి ఆదివారం మేం వెళ్లేసరికి గుట్ట కింద పద్నాలుగు మంది ఉన్నారు. ఒకడు ఫోన్లో గుడ్లగూబ కూత పెడుతున్నాడు. ఇంకొకడు అది ఎగురుతుంటే తీయాలని గులకరాళ్లు విసురుతున్నాడు. తల్లి ఎగిరిపోయి దూరంగా రాయి మీద వాలింది. పిల్లలు వెనక్కి వెనక్కి జరుగుతున్నాయి. సిస్టరమ్మ వాళ్ల ముందుకెళ్లి నిలబడ్డారు.

"జర ఎనకకు పోండ్రి సార్. తల్లి రానీకె భయపడ్తున్నది."

"ఆంటీ, ఫ్రేమ్‌లోకి వస్తున్నారు. కొంచెం పక్కకి జరగండి," అన్నాడు నా మిత్రుడు.

ఆవిడ నా వైపు చూశారు. నేను మాట్లాడతాననుకున్నారు. నేను తల వంచి లెన్సు రింగు తిప్పుతూ ఉండిపోయాను. ఆవిడ పక్కకు జరిగారు.

కాసేపటికి ఒక పిల్ల అరుగు మీంచి కింద పడింది. సిస్టరమ్మ దాన్ని కొంగులో తీసుకుని స్కూటర్ వెనక కూర్చున్నారు. హైవే ఎక్కేటప్పటికి, "పోయింది," అన్నారు. ఆ రోజు ప్రార్థనకు వెళ్లలేదు.

రెండో పిల్ల సంగతి నాకు తెలియదు. నేను మళ్లీ వెళ్లేసరికి అరుగు ఖాళీగా ఉంది. తల్లి నాకు ఇంకెప్పుడూ కనబడలేదు.

ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా, "మోకాళ్లు నొస్తున్నయి బిడ్డా, నువ్వు పోయి రా," అనేవారు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నేను తిరిగి రాగానే, "ఏమేం ఒచ్చినయ్?" అని అడిగేవారు. చెప్పేవాణ్ణి. క్షమించమని మాత్రం అడగలేకపోయాను. రేపు అడుగుదాం, పండగ వెళ్లాక అడుగుదాం అనుకుంటూ రెండేళ్లు గడిపేశాను.

పోయిన నెల ఆవిడ మంచం మీద ఉన్నప్పుడు వెళ్లాను. "సిస్టరమ్మా, ఆ రోజు గుట్ట దగ్గర నేను..." అని మొదలుపెట్టాను.

కళ్లు తెరవకుండానే, "ఆ తల్లి మళ్ల ఒచ్చిందా బిడ్డా?" అన్నారు.

"వచ్చిందండీ. మొన్న చూశాను."

చెయ్యి చాపి, నా మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించారు. నాడి చూసేటప్పుడు పెట్టినట్టు కాసేపు ఉంచి, తీసేశారు. అదే మా ఆఖరి మాట.

సమాధుల తోట హయత్‌నగర్ అవతల. పిడికెడు మట్టి వేసి తిరిగొస్తూ కుంట దగ్గర ఆగాను. సగానికి పైగా పూడ్చేశారు. మిగిలిన చోట పొక్లెయిన్ బురద తోడుతోంది. దాని వెనకే తెల్ల కొంగలు నడుస్తున్నాయి. బకెట్ లేచినప్పుడల్లా నాలుగడుగులు వెనక్కి వేసి, అది దిగగానే మళ్లీ దగ్గరికొచ్చి, తిరగబడ్డ బురదలో పురుగులు ఏరుకుంటున్నాయి. ఎన్నేళ్లుగానో నీళ్ల కింద ఉన్న బురద ఎండలో నల్లగా మెరుస్తోంది. కొంగల కాళ్లు సగం దాకా అందులోనే ఉన్నాయి.