వెనక నుంచి మొదలయ్యే పుస్తకం

తిరుపతి హాస్టల్లో నా గదిలో ఉండిన, ఐరాల ఊరి అమ్మాయికి ఒక జపాన్ బొమ్మల పుస్తకమంటే ప్రాణం. అందులో ఇద్దరు స్నేహితులు దయ్యాలతో కలబడుతూనే ప్రేమలో పడతారు. ఆమె పకపకా నవ్వుతూ చదివేది.

ఆ పుస్తకం వెనక అట్ట నుంచి మొదలవుతుంది. నేనేమో ఎప్పుడూ అలవాటుగా మన తెలుగు పుస్తకాల్లాగా, మన పక్క నుంచే తెరిచేదాన్ని. ఆమె నా చేతిలోనే దాన్ని తిప్పిపెట్టి, "అట్ల తెరిస్తే కడాకు ఏమవతాదో ముందే తెలిసిపోతాది గదక్కా" అనేది.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చేసరికి ఆమె మంచం ఖాళీగా ఉంది. నా దిండు మీద ఆ పుస్తకం ఉంది. మళ్ళీ మన పక్క నుంచే తెరిచాను. చివరి పేజీలో పెన్సిల్ రాత.

"ఈ పక్కే తెరస్తావని తెలుసక్కా. బెంగుళూర్లో పని దొరికింది. నీ మొగం సూసి చెప్పలేకపోయినా."

ఈసారి పుస్తకాన్ని నేనే తిప్పుకున్నాను.