సిద్దమ్మ ఉప్పు, కాశమ్మ పెంట

ఇబ్రహీంపట్నం చెరువు కింద కాశమ్మకున్నంత మంచి పెంటగుంత ఇంకెవరికీ లేదు. ఆ మాట కాశమ్మే చెప్పేది, అడిగినా అడక్కపోయినా.

కందుకూరు నుంచి పన్నెండేళ్ల పిల్లగా కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమె ఎత్తిన పేడంతా దొర పొలానికే పోయేది. ఏటా ఎండాకాలంలో ప్రతి ఇంటి పెంటా బండికెత్తి, వెట్టికి తోలి, దొర మళ్లలో పోసి రావాలి. సొంత మడికి మిగిలేది గుంత అడుగున గీకిందే. సంగం వాళ్లు వచ్చి ఇక వెట్టి బందు అన్న ఏడాది, ఆమె పెనిమిటి శివయ్య దొర గడి ముందరే ఎద్దులను విప్పుకుని, పెంటబండిని మళ్లీ ఇంటికి మళ్లించాడు. మూడు నెలలకు పోలీసులు వచ్చి అతన్ని జైలుకు పట్టుకుపోయారు.

మొగుడు జైలుకు పోయాడు, పెంట మిగిలింది. కాశమ్మ ఆ గుంతను బిడ్డను సాకినట్టు సాకింది. పేడ, పొయ్యి బూడిద, కానుగాకు, కొట్టంలో ఎద్దుల మూత్రంతో నానిన మట్టి పొరలు పొరలుగా వేసి, పైన చెరువు ఒండ్రు కప్పింది. నలభై ఎనిమిదో సంవత్సరం తొలకరికి దాన్ని తవ్వితే నల్లగా, పొడిపొడిగా, వాసన లేకుండా వచ్చింది. ఒక్కతే గంపలకెత్తి మడికి మోసింది. దారిన పోయేవాళ్లు ఆగి, పిడికెడు తీసి చూసి మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు కోసం ఆమె ఇంకో పది గంపలు ఎక్కువ మోసేది.

ఆ మెప్పును ఎత్తుకుపోయింది తోటికోడలు సిద్దమ్మ.

సిద్దమ్మ అంటే శివయ్య తమ్ముడు ముత్యాలు భార్య. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఎద్దులు పెద్దవాడికి, ఎగువ మడి చిన్నవాడికి వచ్చాయి. కాలువ నీళ్లు ముందు సిద్దమ్మ మడి తడిపి, ఆమె ఒడ్డుకున్న గండిలోంచి కాశమ్మ మడిలోకి దిగాలి. సిద్దమ్మ తాగి వదిలిన నీళ్లు తాను తాగుతున్నట్టు కాశమ్మకు అప్పటి నుంచే ఒక ముల్లు. ఒక్కటే ఊరట, సిద్దమ్మకు గొడ్డూ గోదా లేవు. ఆ మడి పెంట మొహం చూసి నాలుగేళ్లయింది.

నాట్లు పడిన ఇరవై రోజులకు సిద్దమ్మ అన్న పరమేశ్వర్ పట్నం నుంచి వచ్చాడు. అక్కడ సర్కారు తోటలో మాలి పని అతనిది. భుజం మీద అరబస్తా దించి విప్పితే లోపల తెల్లగా, ఉప్పులాంటిది. కాశమ్మ పలుకు తీసి నాలుక మీద వేసుకుంది, చురుక్కుమంది.

"గిదేంది తమ్మీ?"

"సీమ ఎరువక్కా. మన్నుల కలిపి సగం ఇప్పుడు సల్లాలె, సగం పదిహేను రోజులకు. సల్లినంక నాలుగొద్దులు నీళ్లు బైటికి పోనియ్యొద్దు."

ఎనిమిది రోజులు తిరిగేసరికి సిద్దమ్మ మడి నల్లటి పచ్చగా మారింది. కాశమ్మ మడి దాని పక్కన వెలిసిన చీరలా కనిపించింది. దారిన పోయేవాళ్లు ఇప్పుడు ఎగువ ఒడ్డు మీద ఆగుతున్నారు. వాళ్లలో ఒక్కడు కూడా కిందికి చూడలేదు. ఎన్ని గంపలు మోసింది! మెడ నరాలు ఇంకా లాగుతున్నాయి. చేటెడు ఉప్పు చల్లి ఈ సిద్ది ఊరికి పెద్దరైతు అయిపోయిందా? కాశమ్మ ఆ పూట కంచంలో సగం అన్నం వదిలేసింది. మొగుడు ఇంట్లో ఉన్నదీ దానికే, పట్నంలో అన్న ఉన్నదీ దానికే, నీళ్లు ముందు పారేదీ దానికే.

ఒకరోజు పౌరుషం చంపుకుని అడిగింది. "సిద్దమ్మా, ఆ ఉప్పు జరంత నాకియ్యరాదే."

"మా అన్న కొలిచి తెచ్చిండక్కా, నాకే సాలది." సిద్దమ్మ నవ్వింది. "అయినా నీకేం ఫికర్? గంత పెద్ద గుంతున్నదాయె నీకు."

కాశమ్మ ఖాళీ చేట చంకన పెట్టుకుని తిరిగొచ్చింది.

రెండోసారి ఉప్పు చల్లిన రోజు, మిట్టమధ్యాహ్నం, సిద్దమ్మ అన్నానికి ఇంటికి పోయింది. కాశమ్మ అటూ ఇటూ చూసి, మట్టితో మూసిన గండిని కాలితో తన్నింది. ఎగువ నీళ్లు తన మడిలో కాలువ వైపు మూలకు గలగలా దిగాయి. ఒడ్డు మీది చెట్టు నీడ జానెడు జరిగేదాకా పారనిచ్చి, మళ్లీ మట్టి వేసి తొక్కింది. ఒళ్లంతా చెమట పట్టింది, భయానికి కాదు, సంతోషానికి.

సాయంత్రం చెరువు నీళ్లు వదిలే నీరటి మల్లేశయ్య ఆ తడి మట్టి ముందర ఆగాడు. "ఇక్కడ ఒడ్డు తెగినట్టుందేందమ్మా?"

"ఎండ్రికాయ తొలిసింది. నేనే మూసిన."

అతను ఊ అని పోయాడు.

పది రోజులు తిరిగాయి. ఆ మూల వరి లేచింది. తన మిగతా మడి కంటేనే కాదు, సిద్దమ్మ మడి కంటే కూడా. దుబ్బు దుబ్బుకూ పిలకలు గుప్పెట్లో పట్టనన్ని. తాను చేసిన దొంగతనం పచ్చగా నిలబడి, వచ్చేపోయేవాళ్లందరికీ చెబుతున్నట్టుంది. ఎవరైనా అటు నడిస్తే ఏదో ఒక మాట కలిపి వాళ్లను ఇంకో దారి పట్టించేది.

ఆ రోజుల్లోనే రజాకార్ల దాడులు ఎక్కువయ్యాయి. ముత్యాలుతో పాటు మగవాళ్లంతా గుట్టల్లోకి పోయి దాక్కున్నారు. వినాయక చవితి వెళ్లిన నాలుగో రోజు పొద్దున సడక్ మీద లారీ చప్పుడైంది. పొలాల్లో ఉన్న ఆడవాళ్లు ఎక్కడివాళ్లక్కడ పరుగెత్తారు. సిద్దమ్మ ఎటు పోవాలో తెలియక ఒడ్డు మీదే నిలబడిపోయింది. కాశమ్మ ఆమె చెయ్యి పట్టి కిందికి గుంజింది. వరి ఒత్తుగా, ఎత్తుగా ఉన్నది ఆ ఒక్క మూలే. ఇద్దరూ ఆ బురద నీళ్లలో బోర్లా పడుకున్నారు.

ఊరి వైపు కేకలు. ఎక్కడో కాల్పులు. తర్వాత గడ్డి కాలుతున్న వాసన. ఇద్దరూ కదలకుండా పడి ఉన్నారు. సిద్దమ్మ మొహానికి జానెడు దూరంలో వరి దుబ్బు. చూడక తప్పదు. ఆమె చెయ్యి చాచి పిలకలు తడిమింది. తల తిప్పి ఒడ్డుకు వేసిన కొత్త మట్టి అతుకు చూసింది.

"అక్కా," అంది గుసగుసగా, "గిది నా ఉప్పు."

కాశమ్మ మొహం ఇంకాస్త బురదలోకి దించింది.

"ఎండ్రికాయ అన్నవట. మల్లేశయ్య చెప్పిండు."

"అవ్. నేనే తెంపిన," అంది కాశమ్మ నీళ్లలోకి చూస్తూ. "అడిగితే ఇయ్యకపోతివి."

"అరిస్తే వాళ్లొస్తరని ఊకుంటున్న. లేకుంటే నీ జుట్టు వట్టి గుంజుదును."

లారీ వెళ్లిపోయాక సిద్దమ్మ లేచి, చీర కూడా పిండుకోకుండా పోయింది. ఆ తర్వాత ఆమె కాశమ్మతో మాట్లాడలేదు. వారం తిరగక ముందే మిలిట్రీ వచ్చింది, నైజాం లొంగిపోయాడన్నారు. సడక్ మీద ట్యాంకులు పోతుంటే ఊరంతా చూడబోయింది. తోటికోడళ్లు ఇద్దరూ చెరో పక్కన నిలబడ్డారు. ముత్యాలు గుట్ట దిగి ఇంటికొచ్చాడు. శివయ్య రాలేదు. ఎదురింట్లో ముత్యాలు దగ్గు వినిపించినప్పుడల్లా కాశమ్మ తలుపు వేసుకునేది.

కార్తీకంలో గాలివాన కొట్టింది. సిద్దమ్మ వరి ఆకు మీదే బలిసింది, నేలలో సత్తువ లేదు. మడి మడంతా పడిపోయింది. గింజ సగం తాలు. అది చూసిన పూట కాశమ్మకు కడుపు నిండింది. రెండు ముద్దలు ఎక్కువే తిన్నది. ఆమె పెంటమడి నిలబడింది, కానీ కంకి చిన్నది. ఆ దొంగమూల మాత్రం నిలబడీ ఉంది, కంకులు బరువుకు వంగీ ఉన్నాయి.

కోత రోజు సిద్దమ్మ కొడవలి తీసుకుని నేరుగా ఆ మూలకు వచ్చింది. సగం కోసి, కట్ట కట్టి నెత్తికెత్తుకుపోయింది. కాశమ్మ అడ్డం రాలేదు. మిగిలిన సగం విడిగా కొట్టి, దోసిట్లో పోసుకుని చూసింది. గట్టి గింజ. ఆ మూలకు చేరిన ఉప్పెంత? చల్లిన దానిలో కరిగి పారిన కాసింత. ఆ కాసింతకే ఇట్లయితే, పెంట వేసి, ఆ పైన సరిగ్గా చల్లితే?

ఆ ఆలోచన వచ్చాక ఆమెకు నిద్ర పట్టలేదు. పెంట తన దగ్గర ఉంది, ఉప్పు తెచ్చే అన్న దానికి ఉన్నాడు. ఎటు తిప్పినా సిద్దమ్మ గడప ఎక్కాలి.

పుష్యంలో శివయ్య జైలు నుంచి వచ్చాడు, గడ్డం నెరిసి. అంతా విని, "తప్పు చేసినవ్, పో, చెప్పుకో," అన్నాడు. కాశమ్మ చెప్పుకోలేదు. ఎండాకాలం రాగానే గంప నిండా పెంట ఎత్తి సిద్దమ్మ మడిలో కుమ్మరించింది. సిద్దమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"గంపెడు పెంటకు నోరు మూసుకుంటననుకున్నవా?"

"గంపెడు కాదు. సగం గుంత. ఉప్పుల నాకు సగం."

"పావు."

"సగమే. నీ మడి పెంట తిని ఎన్నేండ్లాయెనో నాకెరుకనే."

ఇద్దరూ చాలాసేపు గొడవపడ్డారు. చివరికి సగానికే కుదిరింది. ఆ ఏడు రెండు మళ్లూ ఆ మూల మాదిరే పండాయి, గాలికి పడలేదు. తర్వాతి ఏళ్లలో ఉప్పు తగ్గించినా పంట తగ్గలేదు, పెంట మానలేదు గనుక.

చూడడానికి కొంగరకలాన్ నుంచి కూడా రైతులు వచ్చారు. ఎగువ మడి దగ్గరే ఆగి, "ఎట్ల తెలిసిందమ్మా గీ ఉపాయం?" అని సిద్దమ్మను అడిగారు. అందరూ దాన్ని సిద్దమ్మ ఎరువు అనే పిలుస్తున్నారు. కింది మడిలో కలుపు తీస్తున్న కాశమ్మ చెవులకు వేడి పుట్టింది. కనిపెట్టింది తను. కానీ ఎట్లా కనిపెట్టిందో చెబితే గండి సంగతి చెప్పాలి. ఆ మాట సిద్దమ్మకూ తెలుసు.

"గట్లనే తెలిసింది," అంది సిద్దమ్మ తీరిగ్గా. "రెండూ ఒక్కసారే కలిపి సల్లితే సరి."

కాశమ్మ ఇక ఆగలేకపోయింది. కలుపు పక్కన పడేసి, బురద కాళ్లతో ఒడ్డెక్కింది.

"ఒక్కసారి కాదు! దానికేం తెలుసు? దుక్కిల్నే పెంట వొయ్యాలె, మాగిన పెంట. నాటేసి ఇరవై రోజులైనంక ఉప్పు, పలుచగ. నాలుగొద్దులు గండి మూసి పెట్టాలె."

"గండి మూయకుంటే ఏమైతదక్కా?" అడిగింది సిద్దమ్మ, మొహంలో నవ్వు కనపడనివ్వకుండా.

"కిందోళ్లకు పోతది," అని కాశమ్మ మళ్లీ మడిలోకి దిగింది.