బ్యాటరీకి పెట్టిన పసుపు

ఆయుధపూజకు స్కూటరుకు పసుపు రాస్తుంటే నాయన పాత పికప్ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఇదే పండుగనాడు నాయన ఆ బండి కడుగుతూ బ్యాటరీ దించి, "బొట్టు పెట్టు పాపా" అన్నాడు. ఎంత పూస్తే అంత బలమనుకుని, వైర్లు బిగించే రెండు సీసం కొమ్ములకూ మందంగా పసుపు పట్టించాను. ఆయన చూసుకోకుండా బిగించేశాడు.

మర్నాడు హిందూపురం మార్కెట్టుకు టమోటాలు ఎత్తాక బండి కదల్లేదు. మెకానిక్ ఫ్యూజులన్నీ చూసి, "బ్యాటరీ పోయిండాదప్పా, కొత్తది ఎయ్యల్ల" అన్నాడు.

"నాయనా, కొమ్ములకు పసుపు చాల్లేదేమో. ఇంగా పూసేదా?" అన్నాను.

నాయన గబగబా వైర్లు ఊడదీశాడు. పసుపు ఎండి, కరెంటు పారకుండా అట్టకట్టి ఉంది. గరుకు కాగితంతో గీకి, బిగించి, తాళంచెవి నా చేతికిచ్చాడు. ఒక్క తిప్పుకే ఇంజన్ గర్జించింది!

"మెకానిక్కు కనుక్కోలేంది మా పాప కనుక్కునింది" అని నాయన ఊరంతా చెప్పుకున్నాడు. పసుపు పూసిందెవరో మాత్రం ఎవరికీ చెప్పలేదు.